నీటి బొట్టు ఎక్కడ ఆగిందో చూడగలరా?

2024 జనవరి 1, ఉదయం 9.10 గంటలు. కొత్త సంవత్సరం కేకులు ఇంకా పూర్తిగా తినకముందే శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ58 లేచింది. ఆ రోజు టీవీలన్నీ ఎక్స్‌పోశాట్ గురించే చెప్పాయి. నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రే కిరణాలను పరిశీలించే ఉపగ్రహం అది. దాన్ని కక్ష్యలో విడిచిపెట్టాక రాకెట్ నాలుగో దశ ఏమైందో మాత్రం పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అది సుమారు 350 కిలోమీటర్ల ఎత్తుకు దిగివచ్చి, పోయెమ్-3 అనే పేరుతో కొన్ని ప్రయోగాలను మోస్తూ తిరిగింది. వాటిలో ఒకటి విక్రమ్ సారాభాయ్ స్పేస్ సెంటర్ తయారుచేసిన 100 వాట్ల తరగతి ఫ్యూయెల్ సెల్. సిలిండర్లలో తీసుకెళ్లిన హైడ్రోజన్, ఆక్సిజన్లను కలిపి అది కొద్దిసేపు 180 వాట్ల కరెంటు ఇచ్చిందని ఇస్రో ప్రకటించింది.

180 వాట్లంటే మన ఇంట్లో రెండు మూడు సీలింగ్ ఫ్యాన్లకు సరిపోయే కరెంటు. అంతేనా అనకండి. ఆ రోజు కరెంటుతో పాటు అక్కడ మరొకటి కూడా పుట్టింది. నీళ్లు. ఫ్యూయెల్ సెల్‌లో హైడ్రోజన్, ఆక్సిజన్ కలిస్తే మిగిలేది అదే. నేల మీదైతే నీరు పల్లానికి పోతుంది. కక్ష్యలో పల్లమేది, మెరకేది? పుట్టిన నీటిని ఎప్పటికప్పుడు బయటకు పంపకపోతే సెల్ ఊపిరాడక ఆగిపోతుంది.

శ్రీహరికోట 2022 ఏప్రిల్ నుంచి తిరుపతి జిల్లాలో భాగం. అంటే ఈ కథ మన జిల్లా గడ్డ మీద నుంచే బయల్దేరింది. తిరుపతి, చిత్తూరు, శ్రీకాళహస్తి, పుత్తూరు కాలేజీల్లో మెకానికల్, కెమికల్, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదువుతూ, ‘కోర్‌లో ఉద్యోగాలు లేవంట కదా, బెంగళూరు పోయి ఏదో ఒక సాఫ్ట్‌వేర్ కోర్సు చేస్తే సరి’ అని సగం మనసుతో తీర్మానించుకున్న మీతో ఈ వారం ఆ నీటి బొట్టు గురించే మాట్లాడాలనుంది.

ముందు సెల్ లోపలికి పోదాం. మధ్యలో పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. నాఫియాన్ లాంటి పాలిమర్‌తో చేసిన మెంబ్రేన్ అది. ఒకవైపు హైడ్రోజన్ వస్తుంది, ప్లాటినం ఉత్ప్రేరకం మీద ప్రోటాన్లుగా, ఎలక్ట్రాన్లుగా విడిపోతుంది. ఎలక్ట్రాన్లు బయటి తీగ గుండా చుట్టు తిరిగి పోతాయి, అదే మన కరెంటు. ప్రోటాన్లు మాత్రం మెంబ్రేన్ గుండా అడ్డంగా దాటి అవతలి వైపు ఆక్సిజన్‌ను కలిసి నీరవుతాయి. ఇక్కడే తిరకాసుంది. మెంబ్రేన్ తడిగా ఉంటేనే ప్రోటాన్లను దాటనిస్తుంది. ఇడ్లీ ప్లేటు మీద పరిచే గుడ్డ ఆరిపోతే పిండి అంటుకుపోతుంది, మరీ నీళ్లోడుతుంటే ఇడ్లీ అడుగు జావ అవుతుంది. మెంబ్రేన్ సంగతీ అలాంటిదే. ఆరితే కరెంటు పడిపోతుంది. నీరు ఎక్కువైతే ఆక్సిజన్ వచ్చే దారులు మూసుకుపోయి మళ్లీ కరెంటే పడిపోతుంది. అనావృష్టి, అతివృష్టి రెండూ చూసిన రాయలసీమ వాళ్లకు ఇంతకన్నా వివరించాలా? ఎండాకాలం ట్యాంకర్ల కోసం బిందెలు వరసపెట్టిన తిరుపతిలోనే 2021 నవంబరులో వీధులు కాలవలయ్యాయి. సెల్ లోపల ఈ రెండు ముప్పులూ ఒకే సమయంలో, మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. ఒక మూల ఎండిపోతుంటే ఇంకో మూల మునిగిపోతుంటుంది.

ఎంత నీరు పుడుతుందో మీరే లెక్క వేయొచ్చు. ఇంటర్ రెండో ఏడాదిలో చదివిన ఫారడే సూత్రం చాలు. 100 చదరపు సెంటీమీటర్ల సెల్ నుంచి 100 ఆంపియర్లు తీస్తున్నారనుకోండి. ఒక నీటి అణువుకు రెండు ఎలక్ట్రాన్లు. 100ను 96,485కు రెట్టింపుతో భాగిస్తే సెకనుకు ఎన్ని మోల్స్ నీరో వస్తుంది. 18తో, 3,600తో గుణిస్తే గంటకు దాదాపు 34 గ్రాములు. బస్టాండు దగ్గర ఇచ్చే చిన్న టీ గ్లాసులో సగం. ఇంత కొంచెమా అనిపిస్తుంది. కానీ ఆ నీరు బయటకు పోవాల్సిన దారి ఒక కార్బన్ కాగితం. దాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతు. అందులోని పోగులు ఏడెనిమిది మైక్రాన్లు, అంటే తల వెంట్రుకలో పదో వంతు. పోగుల మధ్య సందుల్లోంచి నీరు బయటకు రావాలి, అదే సందుల్లోంచి ఆక్సిజన్ లోపలికి పోవాలి. ఘాట్‌రోడ్డుకు ఎక్కేందుకు ఒకటి, దిగేందుకు ఒకటి ఉన్నాయి. ఇక్కడ ఆ సౌకర్యం లేదు, రెండింటికీ ఒకటే దారి. అందుకే ఆ కాగితానికి టెఫ్లాన్ పూస్తారు, తామరాకు మీద నీటి బొట్టులా నీరు అంటకుండా జారిపోవాలని. జారిపోతుందా? ఎటు జారుతుంది? ఎక్కడ ఆగుతుంది? చాలా ఏళ్లు దీనికి జవాబు ఊహే. సెల్‌ను రెండు గట్టి ప్లేట్ల మధ్య బిగించేస్తారు. విప్పి చూస్తే నీరు చెదిరిపోతుంది. వోల్టేజీ పడిపోయిందని మీటరు చెబుతుంది, ఎక్కడ మునిగిందో చెప్పదు.

దీని విలువ తెలియాలంటే కారును చూడండి. ఇప్పటి టయోటా మిరాయ్ కారులో 330 సెల్స్ ఒకదాని వెనుక ఒకటి పేర్చి ఉంటాయి, మొత్తం 128 కిలోవాట్లు ఇస్తాయి. పాత రకం సీరియల్ లైట్లు గుర్తున్నాయిగా, ఒక్క బల్బు పోతే మొత్తం దండ ఆరిపోయేది. ఇక్కడా అంతే. సిరీస్‌లో ఉన్న 330 సెల్స్‌లో ఒక్కటి నీట మునిగి వాయువు అందకపోతే, దాని వోల్టేజీ తలకిందులై మొత్తం వరసను దెబ్బతీయగలదు. మరమ్మతు ఖర్చు సంగతి అలా ఉంచండి, ఘాట్‌లో ఎక్కుతున్న బస్సులో ఇది జరిగితే?

ఆసుపత్రిలో సీటీ స్కాన్ చూసే ఉంటారు. రుయాలోనో, స్విమ్స్‌లోనో బంధువుల కోసం ఆ గది బయట బెంచీ మీద కూర్చున్న అనుభవం మనలో చాలామందిది. లోపల యంత్రం మనిషి చుట్టూ తిరుగుతూ వందల కోణాల్లో ఎక్స్‌రే నీడలు తీస్తుంది. కంప్యూటర్ ఆ నీడలన్నీ కలిపి లోపలి రూపాన్ని కడుతుంది. ఫ్యూయెల్ సెల్ విషయంలో తేడా ఒక్కటే. యంత్రం ఆగి ఉంటుంది, సెల్ తిరుగుతుంది. గ్యాసు గొట్టాలు, కరెంటు తీగలతో సహా! అవి మెలిపడకుండా, గ్యాసు లీకు కాకుండా సెల్‌ను సగం చుట్టు తిప్పడమే ఒక మెకానికల్ ఇంజినీరు పని. లోహపు ప్లేట్లయితే ఎక్స్‌రేను అడ్డుకుంటాయి, అందుకని గ్రాఫైట్‌తో వేలెడంత సెల్ ప్రత్యేకంగా చేస్తారు. ముందు పొడిగా ఉన్నప్పుడు ఒక బొమ్మ, తర్వాత నడుస్తుండగా ఒక బొమ్మ. రెండోదాంట్లోంచి మొదటిదాన్ని తీసేస్తే మిగిలేది నీరు. చెప్పడానికి ఇంత తేలిక. చేయబోతే, కార్బన్ పోగు, నీరు ఎక్స్‌రేను ఇంచుమించు ఒకే మోతాదులో ఆపుతాయి. పక్కనున్న ప్లాటినం మాత్రం గట్టిగా ఆపి కళ్లు చెదిరేలా తెల్లగా మెరుస్తుంది. వేడికి సెల్ రెండు మైక్రాన్లు జరిగినా తీసివేత తప్పుతుంది. అక్కడ నీరు లేకపోయినా ఉన్నట్టు కనిపిస్తుంది.

స్విట్జర్లాండ్‌లోని పాల్ షెరర్ ఇన్‌స్టిట్యూట్ బృందం తమ సింక్రోట్రాన్ దగ్గర ఈ పనిని ఏళ్ల తరబడి చేసి, ఒక్కో త్రీడీ బొమ్మ తీసే సమయాన్ని సెకనులోపుకు తెచ్చింది. సింక్రోట్రాన్ అంటే ఎలక్ట్రాన్లను దాదాపు కాంతి వేగంతో వలయంలో తిప్పి, మలుపుల్లో వెలువడే అతి తీవ్రమైన ఎక్స్‌రేను వాడుకునే కేంద్రం. జపాన్‌లోని స్ప్రింగ్-8 సింక్రోట్రాన్‌లో టయోటా పరిశోధన సంస్థకు సొంత బీమ్‌లైనే ఉంది. ఒక కార్ల కంపెనీకి ఎక్స్‌రే బీమ్‌లైన్ ఎందుకు? బ్యాటరీలోనో, ఉత్ప్రేరకంలోనో, సెల్‌లోనో లోపల ఏం జరుగుతోందో పోటీదారు కంటే ముందు చూసినవాడిదే తర్వాతి డిజైన్ కాబట్టి.

చూసినవాళ్లకు ఏం తెలిసింది? నీరు కార్బన్ కాగితమంతటా సమంగా పాకదు. వాన నీరు పెంకుటింటి పైకప్పు నుంచి ఎప్పుడూ అవే రెండు మూడు చోట్ల కారినట్టు, కొన్ని సందులనే ఎంచుకుంటుంది. ఒకసారి దారి పడితే తర్వాతి బొట్లు కూడా అక్కడి నుంచే వస్తాయి. గ్యాసు కాలవ కింద కంటే, ప్లేటు గట్టు ఆనుకున్న చోట నీరు ఎక్కువ పేరుకుంటుంది. అక్కడ కాస్త చల్లగా ఉండి ఆవిరి నీరవడం అందుకు ఒక కారణం. ఈ సంగతులు తెలిశాకే, నీటికి వేరే దారి ఇద్దామని కాగితానికి లేజర్‌తో సన్నటి రంధ్రాలు పెట్టి చూసే ప్రయోగాలకు, గట్లు కాలవల వెడల్పు మార్చే డిజైన్లకు చూపున్న ఆధారం దొరికింది. అంతకుముందు అది చీకట్లో బాణం.

ఒక ఇబ్బంది కూడా చెప్పాలి. చూడటానికి వాడే ఎక్స్‌రేనే సెల్‌ను పాడుచేస్తుంది. తీవ్రమైన కిరణం ఎక్కువసేపు పడితే ఉత్ప్రేరక పొరలోని పాలిమర్ దెబ్బతిని కరెంటు పడిపోతుంది. అప్పుడు మీరు చూస్తున్నది నీటి ముంపా, మీరే చేసిన గాయమా? మంచి ప్రయోగశాలలు కిరణం వేయని సెల్‌ను కూడా పక్కన నడిపి పోల్చుకుంటాయి. లోహం గుండా చూడాల్సి వస్తే న్యూట్రాన్లను వాడతారు. అవి అల్యూమినియాన్ని తేలిగ్గా దాటి నీటిలోని హైడ్రోజన్ దగ్గర చిక్కుకుంటాయి, కానీ ఎక్స్‌రే అంత సూక్ష్మంగా చూపించవు. దేనికి ఏది వాడాలో తెలియడమే ఈ విద్యలో సగం.

సరే, ‘ఇదంతా స్విట్జర్లాండ్, జపాన్ కథ, చంద్రగిరి నుంచి బస్సులో కాలేజీకి వచ్చే నాకేంది?’ అంటారు. న్యాయమైన ప్రశ్నే.

దేశం హైడ్రోజన్ మీద పెద్ద మొత్తమే పెట్టింది. 2023 జనవరి 4న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన జాతీయ గ్రీన్ హైడ్రోజన్ మిషన్ వ్యయం 19,744 కోట్ల రూపాయలు. 2030 నాటికి ఏటా 50 లక్షల టన్నుల ఉత్పత్తి లక్ష్యం. మన రాష్ట్రంలో అనకాపల్లి జిల్లా పూడిమడక దగ్గర ఎన్టీపీసీ హైడ్రోజన్ హబ్‌కు 2025 జనవరిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. ఈ అంకెలు చూపించే ‘గ్రీన్ హైడ్రోజన్‌లో లక్షల ఉద్యోగాలు, ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు’ అని మీ ఫోన్‌కు ప్రకటనలు వస్తుంటాయి. డబ్బు కట్టే ముందు ఒక్క మాట అడగండి: ఈ కోర్సులో నేను చేత్తో ఏ సెల్ బిగిస్తాను, ఏ మీటరు చదువుతాను, ఏ డేటా తీస్తాను? జవాబు పీపీటీ అయితే వదిలేయండి. ప్లాంటు కట్టేటప్పుడు పని దొరుకుతుంది, కట్టాక తగ్గుతుంది. ప్లాంటులోని ఎలక్ట్రోలైజర్ ఎందుకు త్వరగా అరిగిపోతోందో కనిపెట్టగలిగే వాళ్ల అవసరం మాత్రం అప్పుడే మొదలవుతుంది. ఎలక్ట్రోలైజర్‌లోనూ ఇదే గొడవ, తిరగేసి: అక్కడ నీటి దారికి గ్యాసు బుడగలు అడ్డం పడతాయి.

నిజం చెప్పాలంటే, ‘ఫ్యూయెల్ సెల్‌లో నీటిని ఎక్స్‌రేతో చూసే ఉద్యోగం’ అని నోటిఫికేషన్ రాదు. దేశం మొత్తం మీద ఈ ఒక్క పని చేసేవాళ్లు కొద్దిమందే. నేను మిమ్మల్ని ఆ ఇరుకు దారిలోకి తోయడం లేదు. మూసి ఉన్న వస్తువు లోపల ఏం జరుగుతోందో పగలగొట్టకుండా చూడటం, చూసినదాన్ని అంకెల్లోకి మార్చడం అనే పనితనం గురించి చెబుతున్నాను. అది ఒక్క ఫ్యూయెల్ సెల్‌తో ఆగదు. రేణిగుంట పక్కన కరకంబాడిలో బ్యాటరీలు తయారవుతున్నాయి. 1985లో మొదలైన అమర రాజా మన ప్రాంతంలో ఎన్ని కుటుంబాలకు అన్నం పెట్టిందో మీకు తెలుసు. ఆ కంపెనీ లిథియం గిగా ఫ్యాక్టరీని మాత్రం మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో తలపెట్టింది. ఎందుకన్నది వేరే చర్చ, ఆ చర్చలో నాకూ అభిప్రాయాలున్నాయి, ఇక్కడ వద్దు. లిథియం సెల్‌లో ఎలక్ట్రోడ్లు వంకరపోయాయా, లోపల గ్యాసు చేరిందా అని చూడటానికి ప్రపంచమంతా వాడేది ఇదే సీటీ. సత్యవేడు దగ్గర శ్రీసిటీలో కార్లు, మెట్రో కోచ్‌లు, ఏసీలు తయారవుతున్నాయి. పోత పోసిన లోహంలో బుడగలు, వెల్డింగ్‌లో పగుళ్లు, సర్క్యూట్ బోర్డు మీద చిప్ కింద దాగిన సోల్డర్ లోపాలు ఎక్స్‌రేకు దొరుకుతాయి. పరిశ్రమలో దీన్ని ఎన్డీటీ అంటారు. డిప్లొమా, ఐటీఐ వాళ్లకూ ఇందులో చోటుంది. రేడియోగ్రఫీలో లెవెల్-2 ధ్రువపత్రాలు ఇచ్చే వ్యవస్థ మనకు ఉంది, ఇండియన్ సొసైటీ ఫర్ నాన్‌డిస్ట్రక్టివ్ టెస్టింగ్ ప్రధాన కార్యాలయం చెన్నైలోనే. ఇది రేడియేషన్‌తో పని, అణుశక్తి నియంత్రణ మండలి నిబంధనలు కచ్చితంగా వర్తిస్తాయి. ఛాతీకి టీఎల్‌డీ బ్యాడ్జీ లేకుండా ఎక్స్‌రే దగ్గర పనిచేయమనే యజమాని ఎంత జీతమిచ్చినా వద్దు.

పరిశోధన వైపు మనసున్నవాళ్లకు దారి మరీ దూరం కాదు. పొద్దున రైలు ఎక్కితే చెన్నై. అక్కడ తరమణిలోని ఐఐటీ మద్రాస్ రీసెర్చ్ పార్కులో, హైదరాబాద్ ఏఆర్‌సీఐకి చెందిన ఫ్యూయెల్ సెల్ టెక్నాలజీ కేంద్రం ఉంది. ఇందోర్‌లోని రాజా రామన్న సెంటర్ ఫర్ అడ్వాన్స్‌డ్ టెక్నాలజీలో 2.5 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల ఇండస్-2 సింక్రోట్రాన్, దానికొక ఇమేజింగ్ బీమ్‌లైన్ ఉన్నాయి. విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్రతిపాదన రాసి బీమ్ సమయం అడగొచ్చు. జర్మనీలోని హాంబర్గ్‌లో, ఇటలీలోని ట్రియెస్టెలో, జపాన్‌లోని సుకుబాలో కూడా భారత శాస్త్రవేత్తలకు భాగముంది. నెట్ రాసి జేఆర్ఎఫ్ వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ పైన 42,000, దానికి ఇంటద్దె భత్యం అదనం. బెంగళూరు సాఫ్ట్‌వేర్ జీతంతో పోల్చి ఇంట్లో పెదవి విరిచేవాళ్లుంటారు, ‘ఇంకా చదువేందప్పా?’ అని. వాళ్లకు కోపంతో కాకుండా లెక్కతో జవాబు చెప్పండి. అప్పులున్న ఇంట్లో ఐదేళ్ల పీహెచ్‌డీ అందరికీ కుదిరే సాహసం కాదన్నదీ నిజమే. అలాంటప్పుడు ఎన్డీటీ లాంటి దారితో మొదలుపెట్టి తర్వాత పైచదువుకు వచ్చినా తప్పేమీ లేదు.

ఇక కాలేజీల గురించి ఒక మాట. ఏర్పేడులో ఐఐటీ, ఐసర్ రెండూ ఉన్నాయి. తిరుపతిలో 1954 నుంచి ఎస్వీయూ ఉంది. గాదంకిలో జాతీయ వాతావరణ పరిశోధన ప్రయోగశాల ఉంది. ఒక జిల్లాలో ఇన్ని ఉండటం అరుదు. అయినా వాటికి గంట దూరంలోని ప్రైవేటు కాలేజీ విద్యార్థి ఫైనలియర్ ప్రాజెక్టును సెంటర్‌లో కొనుక్కొచ్చి, బైండింగ్ మాత్రం తన పేరుతో చేయిస్తున్నాడు. నేను చూసిన ఒక వైవాలో ఒకబ్బాయి తన రిపోర్టులోని గ్రాఫులో అడ్డంగా ఉన్న అక్షం ఏమిటో చెప్పలేకపోయాడు. తప్పు వాడి ఒక్కడిదే కాదు. నాలుగేళ్లలో వాడి చేత నిజమైన డేటా ఎవరూ పట్టించలేదు. విద్యార్థి నెలకోసారైనా పక్క సంస్థ ప్రయోగశాలలో అడుగుపెట్టేలా కాలేజీలు ఒప్పందాలు చేసుకోవాలి. అవి పేపర్లో ఫొటో కోసం కాకుండా నిజంగా నడవాలి. పరికరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కోవడానికి ఐ-స్టెమ్ అనే జాతీయ పోర్టల్ ఉంది. మీ హెచ్‌ఓడీకి తెలియకపోతే మీరే చూపించండి. వేసవిలో శాస్త్ర అకాడమీలు మూడూ కలిసి ఇచ్చే సమ్మర్ రీసెర్చ్ ఫెలోషిప్‌కు మాత్రం తప్పకుండా దరఖాస్తు పెట్టేయండి.

అప్పటిదాకా ఆగక్కర్లేదు కూడా. 2023లో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయ బృందం ఫ్యూయెల్ సెల్ ఎక్స్‌రే బొమ్మలను డీప్ లెర్నింగ్‌తో మరింత స్పష్టం చేసి, వాటిలో నీరు ఎలా కదులుతుందో లెక్కగట్టింది. అంటే సీఎస్ఈ వాళ్లకూ ఇందులో వాటా ఉంది. ఇలాంటి త్రీడీ బొమ్మలు జెనోడో వంటి వేదికల్లో ఉచితంగా దొరుకుతాయి. ఒకటి దించుకోండి. ఫైలు పెద్దది, హాస్టల్ వైఫై ఏడిపిస్తుంది, రాత్రంతా వదిలేయండి. ఫిజీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరవండి, లేదా పైథాన్‌లో. బూడిద రంగు చుక్కలు కోట్లలో కనిపిస్తాయి. ఏది పోగు, ఏది ఖాళీ, ఏది నీరు అని విడదీయాలి. ఒక హద్దు గీస్తే నీరు పది శాతం వస్తుంది, కాస్త జరిపితే ఇరవై అవుతుంది. మొదటి వారం చిరాకు పుడుతుంది. రెండో వారానికి ఆ హద్దును ఎందుకు అక్కడే గీశారో ఒక కాగితం మీద రాయగలిగితే, దాన్ని రెజ్యూమెకు జతచేసి ఒక ప్రొఫెసర్‌కు మెయిల్ పెట్టండి. ఇంటర్వ్యూకు పిలిస్తే వాళ్లు మీ పర్సంటేజీ తర్వాత అడుగుతారు. ముందు మీ బొమ్మలో ఒక తెల్లచుక్క మీద వేలుపెట్టి, ‘ఇది నీరేనని ఎలా చెప్పగలవు?’ అంటారు.